మైనస్‌లో వచ్చిన ఉప్పు

మా అంగడికి వచ్చేవాళ్ళంతా ఏదో ఒకటి పూర్తిచేయలేక అలసిపోయినవాళ్ళే. తిరుపతిలో యూనివర్సిటీ ఎదుటి రోడ్డు మీద, జిరాక్సు మిషన్ల వేడీ బైండింగు గమ్ము వాసనా కలిసిపోయిన వరసలో అదొక గది. బయటి బోర్డు మీద టైపింగు, ప్రింటింగు, బైండింగు అని మాత్రమే ఉంటుంది. నేను నిజంగా చేసే పని బోర్డు మీద లేదు. రీసెర్చి చేసే పిల్లలు తెచ్చిన అంకెలను పట్టికలుగా, గ్రాఫులుగా మార్చి, వాళ్ళకు కనిపించిన తేడా నిజంగా ఉన్నదా, లేక ఊరికే అలా కుదిరిందా అని లెక్కకట్టి చెప్పడం నా పని.

ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. ఇంటర్మీడియట్‌తో చదువు ఆగిపోయి చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో, పాత పుస్తకాలవాడి దగ్గర అట్ట ఊడిన స్టాటిస్టిక్స్ పుస్తకం ఒకటి దొరికింది. అందులో అర్థంకాని ప్రతి సూత్రాన్నీ బెల్లం దిమ్మెల తూకాల మీద వేసి చూసేవాణ్ణి. దిమ్మెకూ దిమ్మెకూ తేడా ఎందుకు వస్తుందో తెలిశాక మిగిలింది మెల్లగా తెలిసింది. ఆ తర్వాత కంప్యూటరు వచ్చింది, మండీ పోయింది, ఈ గది వచ్చింది. ఇప్పుడు యాభై దాటాను. పొద్దున వడమాలపేట నుంచి బస్సులో వస్తాను, సాయంత్రం మెడ పట్టేసి అదే బస్సులో పోతాను. వేరుశనగ తెగుళ్ళు, మామిడి గుజ్జు, ఆవుపాలలో వెన్న, హాస్టలు పిల్లల దిగులు, అన్నీ నా ముందుకు అంకెలుగానే వచ్చి అంకెలుగానే పోయాయి. దేని మీదా పెద్దగా ఆశ్చర్యం మిగలని వయసులో, ఒక ఎండాకాలం, ధ్రువాల దగ్గరి సముద్రపు మంచు వచ్చింది.

తెచ్చిన అమ్మాయిది పాకాల. ముప్పై దాటి ఉంటుంది. సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తోంది. రైలు దొరికితే రైల్లో, లేకుంటే బస్సులో వచ్చిపోయేది. ఆమె గడువును ఒకసారి పెంచారు, రెండోసారి పెంచారు, ఇక పెంచేది లేదని చెప్పేశారు. దసరా సెలవుల లోపల థీసిస్ ఇవ్వకపోతే ఇన్నేళ్ళ పనీ లేనట్టే. ఆ మాట మొదటిరోజే చెప్పింది. మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు.

పెన్‌డ్రైవ్ ఇచ్చి ముందు ఒక ఫోటో తెరిపించింది. రోకలి లావున మంచు కడ్డీ. పైనుంచి తెల్లగా వచ్చి, అట్టడుగున బెత్తెడు మేర కాఫీ డికాషను రంగులో ఉంది.

"అడుగున ఏందిది, బురదా?" అన్నాను.

"అందరూ అట్లే అనుకుంటారన్నా. అదంతా ప్రాణులే. నాచు, దాంతోపాటు బాక్టీరియా."

"గడ్డకట్టిన నీళ్ళల్లో ఎట్లా బతుకుతాయి?"

"సముద్రం గడ్డకట్టేటప్పుడు ఉప్పును బయటికి నెట్టేస్తాదన్నా. అంతా పోదు. కొంచెం ఉప్పునీళ్ళు సన్న గొట్టాల మాదిరి లోపలే నిలబడిపోతాయి. ఆ గొట్టాల్లో కాపరం ఉంటాయి ఇవి. అడుగున సముద్రం తగులుతా ఉంటాది కాబట్టి ఆడ ఎక్కువ."

"మంచు కరిగితే?"

"అదే కదన్నా నా థీసిస్," అని నవ్వింది. నవ్వినా కళ్ళ కింద నలుపు అలాగే ఉంది.

ఆమె దగ్గర రెండు రకాల కడ్డీలు ఉండేవి. ఒకటి ఏళ్ళ తరబడి కరగకుండా నిలిచిన దళసరి మంచులోంచి తీసింది. రెండోది ఆ ఏడాదే కట్టి ఆ ఏడాదే కరిగిపోయే పలచటి మంచులోంచి తీసింది. అక్కడ ఇప్పుడు దళసరి మంచు తగ్గిపోతోంది, పలచటిదే మిగులుతోంది. కాబట్టి రెండింటిలో ఉండే ప్రాణులను పోల్చి చూస్తే, మంచు కరిగే కొద్దీ ఆ సమాజం ఏమవుతుందో కొంతైనా తెలుస్తుంది. కడ్డీలను ఆమె తేలేదు. ఏదో సంస్థవాళ్ళు యాత్రకు పోయి తెచ్చుకుని, తమ పని అయ్యాక మిగిలినవి పంచారు. ఆమె గైడు ఎన్నో ఉత్తరాలు రాస్తే ఈ రెండు వచ్చాయి. మూడోది రాదు.

ఆ మంచును ఊరికే కరిగించకూడదట. ఉప్పునీళ్ళలో బతికేవాటిని ఒక్కసారిగా మంచినీళ్ళలోకి తెస్తే, నీళ్ళలో వేసిన ఎండుద్రాక్ష మాదిరి ఉబ్బి, ఆపైన పగిలిపోతాయి. అందుకని కడ్డీని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ కొలిచి పోసిన చల్లటి సముద్రపు నీళ్ళలో మెల్లగా కరగనివ్వాలి. తిరుపతిలో సముద్రం ఎక్కడిది. ఆమె చెల్లెల్ని వెంటపెట్టుకుని తడ దాటి ఒడ్డుదాకా పోయి క్యాన్లతో నీళ్ళు తెచ్చింది. బస్సులో కండక్టరు ఆ క్యాన్లను చూసి, "ఏమ్మా, తిరపతిలో నీళ్ళు దొరకలేదా?" అన్నాడట. ఉప్పునీళ్ళన్నా అంటే, "అయితే ఉప్పు దొరకలేదా?" అన్నాడట. ఇది చెప్పి ఆ అమ్మాయి మనసారా నవ్వింది. అలా నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

కరిగిన నీళ్ళలోని జీవుల జన్యువులను హైదరాబాదులో ఒక ల్యాబు చదివి పంపింది. నాకు వచ్చింది ఆ పట్టిక. అడ్డవరసల్లో జీవులు, నిలువు వరసల్లో మంచు ముక్కలు, ఒక్కో గడిలో ఆ జీవి జాడ ఎన్నిసార్లు కనిపించిందన్న అంకె. ఎక్కువ గడుల్లో సున్నాలే. సున్నాలతో నాకు మొదటినుంచీ పడదు. లేదు గనుక సున్నా ఒకటి, ఉన్నా కనిపించక సున్నా ఒకటి. పట్టికలో రెండూ ఒకే మాదిరి ఉంటాయి. కళ్ళజోడు మార్చి మార్చి చూస్తూ, వారాల తరబడి వాటిని విడదీసే పని చేశాను.

దళసరి మంచు అడుగు ముక్కలో జీవులు కిక్కిరిసి ఉన్నాయి. పలచటి మంచు అడుగు ముక్క దాదాపు ఖాళీ.

"మీరు చదివినవాటిల్లో ఇట్లే ఉందా?" అని అడిగాను.

"లేదన్నా. మంచు పలచబడితే వెలుతురు ఎక్కువ దిగి, నాచు ముందే పెరుగుతాదని చానామంది రాసినారు. మాకు తిరగబడి వచ్చింది. అందుకే మా సారుకు అంత సంబరం."

"ఫోటోలో పలచటి దానికీ అడుగున రంగుండాదే?"

"రంగు మిగిలి ప్రాణం పోయుంటాదని సారు అంటాడు. కరిగిన మంచినీళ్ళు పైనుంచి దిగి కడిగేసి ఉంటాయంట."

వినడానికి బాగానే ఉంది. థీసిస్‌లో పెద్ద అధ్యాయం దాని మీదే నిలబడింది. దాని మీద ఒక సదస్సులో మాట్లాడి మెప్పు కూడా పొందారు. నేను గ్రాఫులు గీశాను. ఒక బొమ్మలో దళసరి మంచు గోపురంలా లేచి, పలచటి మంచు చదునుగా పడి ఉంది. అలాంటి బొమ్మ వస్తే గైడులకు ఇష్టం.

చివర్లో ఒక పట్టిక మిగిలింది. ఒక్కో ముక్కలో సహజంగా ఎంత ఉప్పు ఉండేదో చూపాలి. ముక్క బరువు ముందే తూచి పెట్టింది. పోసిన సముద్రపు నీళ్ళెన్నో, అందులో ఉప్పెంతో తెలుసు. అంతా కలిసి కరిగాక మీటరు ఎంత చూపిందో తెలుసు. మిగిలింది తీసివేత. దళసరి మంచుకు అన్నీ సరిగ్గా వచ్చాయి. పలచటి మంచు ముక్కలకు అన్నీ తక్కువగా వచ్చి, అడుగు ముక్కకు మాత్రం మైనస్ వచ్చింది.

నా టైపింగు తప్పేమో అనుకున్నాను. మళ్ళీ కొట్టాను. సూత్రం తప్పేమో అని చేత్తో కాగితం మీద వేశాను. మళ్ళీ మైనస్సే. ఉప్పు ఉంటుంది, లేకుండా ఉంటుంది. లేనిదానికన్నా తక్కువ ఉండదు.

ఆమె చూసి, నుదురు చేత్తో రుద్దుకుంది. "మీటరు సరిగ్గా లేదేమోన్నా. సున్నా వేసేయండి."

"సున్నా వద్దు, ఖాళీగా పెడతాను."

"సరే, ఖాళీ."

ఇద్దరం దాన్ని అక్కడే వదిలేశాం. దసరాకు ఎక్కువ రోజుల్లేవు. నాకూ ఆ పని ముగించేయాలనే ఉంది.

మరుసటి రోజు మధ్యాహ్నం గైడు సంతకం పెట్టిన కాగితాలు పట్టుకుని వాళ్ళ ల్యాబ్ అటెండరు వచ్చాడు. నాకన్నా పెద్దవాడు, కాంట్రాక్టు మీద ఉన్నాడు. ఆమె అతన్ని పెద్దన్నా అంటుంది, అతను ఆమెను అమ్మణ్ణీ అంటాడు. వచ్చీ రాగానే ఫ్యాను కింద స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏమప్పా లెక్కలాయనా, ఇంకా కూడతానే ఉండావా? మా అమ్మణ్ణికి పిల్లలు పుట్టి, వాళ్ళు కూడా నీ అంగడికే వచ్చేట్టుండారే."

"నువ్వు తెచ్చే కాగితాలు అయిపోతే నా లెక్క కూడా అయిపోతుంది లేబ్బా," అన్నాను.

ఆమె నా పక్కన కూర్చుని పలచటి మంచు ఫోటో కింద రాయాల్సిన మాటలు చెబుతోంది. అతను మెడ చాచి తెర వైపు చూశాడు.

"ఇది మన గడ్డే గదా అమ్మణ్ణీ. ఆ పొట్టు యాడ అంటించినారో గానీ, వదల్లేదు పో. రెండుతూర్లు కడగాల్సొచ్చె."

ఆమె చెబుతున్న మాట సగంలో ఆగింది. "ఏ పొట్టు పెద్దన్నా?"

"అదే, ఆ కొనకు పట్టిండాదే ఎర్రగా, అది. ఆ పొద్దు నీ రైలు ఆగిపోయిందని ఫోన్ చేసినావు గదా. నువ్వు కోసి పెట్టిన గడ్డలు తీసి డబ్బాల్లో పెట్టి, కొలిచి పెట్టిన సీసాల్లో నీళ్ళు మీద పొయ్యమంటివి. తీసి చూస్తే కొనకంతా మురికి. పుత్తూరు ఐసు ఫ్యాక్టరీలో ఎన్నేండ్లు చేసినా నేను. రంపంపొట్టులో పెట్టిన ఐసును కడక్కుండా ఇచ్చినామంటే షర్బత్ అంగడోడు మొహాన కొడతాడు. నన్నారిలో పొట్టు తేలితే ఎవురు తాగుతారు? డబ్బాలోనే పెట్టి బాగా కడిగినా. పాపం పిల్ల వచ్చి మళ్ళీ కడుక్కోవాల్సిన పని లేదని."

ఆమె కుర్చీ అతని వైపు తిప్పుకుంది.

"ఏ నీళ్ళతో కడిగినావు?" అంది ఆమె. గొంతు మామూలుగానే ఉంది.

"కొళాయి నీళ్ళే. మంచి నీళ్ళే అమ్మణ్ణీ. ఉప్పునీళ్ళతో ఎవురన్నా కడుగుతారా?"

"కడిగిన నీళ్ళు?"

"వంచేసినా. అడుగున రవ్వంత ఉండుంటాది. ఒక టీ గ్లాసుడు ఉంటాదేమో."

నేను అడుగు ముక్క లెక్కలో ఒక టీ గ్లాసు ఉప్పులేని నీళ్ళు కలిపి చూశాను. మైనస్ పోయింది. ఆమె తెర మీద ఆ అంకె వైపు చూసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"అన్ని ముక్కలూ కడిగినావా పెద్దన్నా, ఆ ఒక్కటేనా?"

"ఒకటి కడిగి ఒకటి వదిలేస్తే అది ఏం పని? అన్నీ కడిగినా." అప్పుడు ఆమె మొహం చూశాడు. "ఏం మా, తప్పు జేసినానా?"

"లేదు. కడగొద్దని నేను చెప్పలేదు."

"కడగొద్దని ఎవురన్నా చెప్తారా?" అని అతను నా వైపు తిరిగాడు. నేను అతను తెచ్చిన కాగితాలు అందుకున్నాను. అతను టీ కూడా అడక్కుండా లేచి వెళ్ళిపోయాడు.

అతను పోయాక ఆమె చాలాసేపు పట్టిక పైకీ కిందికీ జరుపుతూ ఉంది. అందులో వెతకడానికి ఇక ఏమీ లేదు. తడ దాటి తెచ్చిన సముద్రం ఆ ముక్కలను చేరకముందే, తిరుపతి కొళాయి వాటిని చేరింది. అడుగున గోధుమరంగులో బతికిన సమాజం మొత్తం ల్యాబు సింకులోంచి పోయింది. పలచటి మంచులో ప్రాణం లేదన్నది ధ్రువాల సంగతి కాదు, మా సంగతి. నా పట్టికలోని ఆ సున్నాలు మూడో రకానివి. ఉన్నవి, కనిపించేవి, కడిగేసినవి.

"ఈ మాట ముగ్గురికే తెలుసన్నా," అంది.

"అవును."

"పెద్దన్నకు తెలిసీ తెలియనట్టే."

"అవును."

"మీరేమంటారు?"

ఉప్పు గడి ఖాళీగా పెడతానని నిన్ననే అన్నవాణ్ణి నేను. దసరా నా గడువు కాదు, ఆమె గడువు. అదే చెప్పాను. లెక్క ప్రకారం ఆ కడ్డీ పనికిరాదు, మిగతాది నా చేతిలో లేదు అన్నాను. ఆమె బ్యాగు తీసుకుని రైలుకు వెళ్ళింది. ఆ సాయంత్రం బస్సులో పుత్తూరు రోడ్డు పొడవునా నాకు ఆమె మీద జాలి వేయలేదు, అతని మీద కోపమూ రాలేదు. ఒళ్ళంతా బరువుగా మాత్రం ఉంది, ఎవరి మూటో మోసి దించినట్టు.

రెండు రోజులు రాలేదు. మూడోరోజు వచ్చి గైడుతో మాట్లాడానని చెప్పింది. ఆయన మొదట నమ్మలేదట. ఆ తర్వాత దారి వెతికాడట. మంచు కరిగితే అక్కడ కూడా మంచినీళ్ళే కదా, మంచినీళ్ళు తగిలితే ఈ సమాజం ఏమవుతుందో చూశామని రాద్దాం, ముక్కలను వదులుకోవడమెందుకు అన్నాడట.

"మీరేమన్నారు?"

"ఆడ కొళాయి లేదు కదా సార్, క్లోరిన్ కూడా లేదు కదా అన్నాను. నా అధ్యాయం తెరిచి పేజీలు తిరగేసినాడన్నా. తర్వాత, తీసేయమ్మా అన్నాడు. కడిగింది ఎవరని అడిగినాడు. నేను లేనప్పుడు జరిగింది, నా తప్పే అని చెప్పినాను."

"సదస్సులో చెప్పింది?"

"వాళ్ళకు తప్పయిందని రాసి పంపమన్నాడు. పంపినాను." ఆ మాట చెప్పి మంచినీళ్ళ సీసా ఎత్తి సగం తాగింది.

ఆ తర్వాతి రోజులు నాకు సరిగ్గా గుర్తులేవు. పని ఒక్కటే గుర్తుంది. పలచటి మంచు నిలువు వరసలన్నీ పట్టికలోంచి తీసేస్తే, వాటిని కలుపుకుని కట్టిన శాతాలన్నీ మారిపోయాయి. శాతాలు మారితే గ్రాఫులు మారాయి. గ్రాఫులు మారితే వాటి కింది మాటలు, వాటిని చూడమని వేరే పేజీల్లో రాసిన మాటలు అన్నీ మారాయి. గోపురమూ చదునూ ఉన్న బొమ్మ పోయింది. పోల్చడానికి రెండోది లేదు గనుక శీర్షికలోంచి ‘పలచబడే’ అన్న మాట తీసేశాం. ఆమె చదువుతూ ఉంటే నేను కొట్టేవాణ్ణి. నా కళ్ళు నొప్పెడితే ఆమె కొట్టేది. మధ్యలో అటెండరు రెండుసార్లు కాగితాలు తెచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే ఇచ్చి పోయాడు. రెండోసారి ఆమె బయటికి పోయి అతనితో ఏదో మాట్లాడింది. ఆ తర్వాత అతను వచ్చి, ఎప్పటిలాగే నన్ను ఎగతాళి చేయబోయి, ఎందుకో మానుకున్నాడు.

మిగిలింది చిన్న సంగతి. దళసరి మంచు ముక్కలు కరిగిన నీళ్ళను ఆమె చల్లగా అలాగే ఉంచి, కొన్ని రోజులపాటు మళ్ళీ మళ్ళీ నమూనా తీసింది. మంచులో పెద్దవాళ్ళలా ఉన్న నాచు మెల్లగా అడుక్కు దిగిపోయింది. అంతకుముందు లెక్కలోకి రాని ఒకటి రెండు రకాల బాక్టీరియా, నాచు వదిలినదాన్ని తింటూ పెరిగాయి. మంచు కరిగితే అందరూ పోరు, వరస మారుతుంది. ఒకే కడ్డీ మీద చూసింది గనుక గట్టిగా చెప్పలేమని ఆమే ఆ వాక్యం చివర చేర్చింది. పరిమితుల పేజీలో, రెండో కడ్డీ ముక్కలు కరిగించేముందు పొరపాటున మంచినీటితో కడగబడ్డాయి గనుక వదిలేశామని రాయించింది. ఎవరు కడిగారో రాయలేదు. గడువుకు ముందు నాలుగు ప్రతులు బైండు చేసి ఇచ్చాను. మామూలు థీసిస్‌లో సగం లావు ఉన్నాయి.

కొన్ని నెలలకు జరిగిన మౌఖిక పరీక్షకు నేను పోలేదు, పోయే అర్హతా లేదు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ పరిమితుల పేజీ దగ్గరే ఆగాడట. కడగడం ఎలా జరిగిందో మొత్తం చెప్పించుకున్నాడట. మళ్ళీ అలాంటి ముక్క దొరికితే మొదట ఏం చేస్తావమ్మా అని అడిగాడట. ముందు ల్యాబులో అందర్నీ పిలిచి ఫోటో చూపిస్తాను సార్ అందట. ఆయన తలూపి, తర్వాతి పేజీ తిప్పాడట.

ఆ సాయంత్రం ఆమె పాకాల రైల్లోంచి ఫోన్ చేసింది. చప్పుడులో మాట సరిగ్గా వినపడలేదు.

"డాక్టరేటు ఇచ్చేసినారన్నా," అంది.

"మంచిదమ్మా."

"పలచటి మంచు గురించి మాత్రం నాకేమీ తెలీదు," అంది. ఫిర్యాదులా కాదు, ఉన్నమాట చెప్పినట్టు.

నాకూ తెలియదన్నాను. రైలు ఎక్కడో ఆగినట్టుంది, చప్పుడు తగ్గింది. ఆ తర్వాత ఆమె ఉంటానన్నా అంది. నేను తెర మీద ఉన్న ఆవుపాల లెక్కను అక్కడే ఆపి, షట్టరు దించి బస్టాండు వైపు నడిచాను.